స్పోర్ట్స్ కారు టాప్ కోస్తే ఏం పోతుంది? దాని బదులు ఏం పెట్టాలి?

ఫోన్లో రీల్స్ తిప్పుతుంటే కూపే కార్లను (గట్టి రూఫ్ ఉన్న రెండు డోర్ల కార్లు) గ్రైండర్‌తో కోసి ఓపెన్ టాప్ చేసే వీడియోలు ఈ మధ్య వరసగా తగులుతున్నాయి. అర నిమిషంలో రూఫ్‌ను మోసే పిల్లర్లు తెగుతాయి, రూఫ్‌ను నలుగురు ఎత్తి పక్కన పెడతారు, తర్వాతి షాట్‌లో కారు సముద్రం పక్క రోడ్డు మీద దూసుకుపోతుంటుంది. ఆ రెండు షాట్ల మధ్య జరగాల్సిన పని మాత్రం కనిపించదు. దాంతో బెజవాడలోనూ గుంటూరులోనూ కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "మన ఆటోనగర్‌లో ఈ పని అవ్వదా?"

అడిగిన మనిషిని బట్టి జవాబు మారిపోతుంది. లారీ బాడీలు కట్టే మేస్త్రీ "ఎందుకవ్వదు, బండి పంపించండి" అంటాడు. షోరూమ్‌లో సర్వీస్ చూసేవాళ్లు "అసలు ముట్టుకోవద్దండీ" అంటారు. ఆర్టీవో ఆఫీసు బయట కూర్చునే ఏజెంటు "ఆర్సీ గొడవ అవుతుంది సార్" అంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మేస్త్రీ మనసులో ఉన్న బండి వేరు, షోరూమ్ వాళ్ల మనసులో ఉన్న బండి వేరు. ఏజెంటు అసలు బండి గురించే మాట్లాడటం లేదు, కాగితాల గురించి మాట్లాడుతున్నాడు. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప చిక్కు వీడదు.

ఏది కన్వర్టిబుల్, ఏది కాదు

పైకప్పును తీసి మళ్లీ వేసుకోగలిగే కారు కన్వర్టిబుల్. కాబ్రియోలే, స్పైడర్, వొలాంటే వగైరా పేర్లు కంపెనీని బట్టి వచ్చినవే. రెండు సీట్ల చిన్న ఓపెన్ కారును రోడ్‌స్టర్ అంటారు. టార్గా కొంచెం వేరు: తల మీది భాగం మాత్రమే ఊడి వస్తుంది, సీట్ల వెనక ఒక గట్టి వంపు కమ్మీ శాశ్వతంగా ఉంటుంది. పోర్షే 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 911 టార్గాను చూపించింది. బోల్తా పడే ప్రమాదాల దృష్ట్యా అమెరికా ఓపెన్ కార్లను కట్టడి చేస్తుందేమోనన్న భయమే ఆ కమ్మీ వెనక ఉన్న కారణం.

కప్పు మళ్లీ వేసుకోవడానికి వీల్లేకుండా కోసేసిన కారు వీటిలో ఏదీ కాదు. దాన్ని టాప్ లేని కారు అనాలి, అంతే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట బందరు రోడ్డు మీద, లేదా జులై వానలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర అలాంటి కారులో కూర్చోవాల్సి వస్తే తేడా తెలుస్తుంది.

మేస్త్రీ బండి, షోరూమ్ బండి

విజయవాడ ఆటోనగర్‌కు ఉన్న పేరు లారీల వల్ల వచ్చింది. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ బిగించిన చాసిస్ వస్తుంది, దాని మీద ఇక్కడి మేస్త్రీలు క్యాబిన్, తొట్టి కడతారు. చాసిస్ అంటే ముందు నుంచి వెనక దాకా సాగే రెండు బలమైన ఉక్కు పట్టాలు, వాటిని కలుపుతూ అడ్డ కమ్మీలు. ఇంజను బరువు, సరుకు బరువు, రోడ్డు గతుకుల దెబ్బ అన్నీ ఆ పట్టాలే మోస్తాయి. పైన కట్టిన బాడీని మొత్తం విప్పేసినా బండి నడుస్తుంది. బాడీ కట్టకముందు డ్రైవర్ చెక్క పెట్టె మీద కూర్చుని నెత్తి మీద ఏ కప్పూ లేకుండా నడుపుకొచ్చే లారీ చాసిస్‌లు హైవే మీద మనకు తెలిసినవే.

పాత జీపు కూడా ఇదే రకం. మహీంద్రా థార్ 2020 మోడల్‌ను కంపెనీయే గుడ్డ టాప్ కన్వర్టిబుల్‌గా కూడా అమ్మింది, అదీ చాసిస్ బండే. ఇలాంటి వాటిలో రూఫ్ తీసినా బండి వెన్నెముకకు ఏమీ కాదు. మేస్త్రీ ధైర్యానికి ఆధారం ఇది. తన చేతి కింద వందల బండ్లు ఇలా తయారై వెళ్లాయి, వాటి సంగతిలో ఆయన అనుభవం నూటికి నూరుపాళ్లు సరైనదే.

కార్లలో ఎక్కువ భాగం అలా కట్టినవి కావు. వాటికి విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, సైడ్ ప్యానెళ్లు, పిల్లర్లు, రూఫ్ అన్నీ వెల్డింగ్‌తో కలిసిపోయి ఒకే పెంకుగా ఉంటాయి. దీన్ని మోనోకాక్ అంటారు. ఇది కొత్తగా వచ్చిన పద్ధతి కూడా కాదు, మన అంబాసిడర్ కూడా చాసిస్ బండి కాదు. అందులో రూఫ్ వాన పడకుండా వేసిన మూత కాదు, బరువు మోసే అవయవం.

అట్టపెట్టె లెక్క

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని, మూత నాలుగు వైపులా టేపుతో అతికించి, రెండు చివర్లు పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. గట్టిగా ఎదురు నిలుస్తుంది. మూత పీకి మళ్లీ తిప్పండి, వెంటనే వంకర్లు పోతుంది. అట్ట అదే, మందం అదే. పోయింది మూత ఒక్కటే, దాంతో పాటు పెట్టె "మూసి ఉండటం" పోయింది.

ఈ మెలికను తట్టుకునే శక్తిని టార్షనల్ రిజిడిటీ అంటారు. కారు వెనక భాగాన్ని బిగించి పట్టి, ముందు భాగాన్ని ఒక డిగ్రీ మెలితిప్పడానికి ఎంత బలం కావాలన్నదే కొలత. న్యూటన్ మీటర్లలో చెబుతారు. అంకె పెద్దదైతే కారు గట్టిది. బుగాటీ వేరోన్‌కు కంపెనీ చెప్పిన అంకె డిగ్రీకి 60,000.

మూసిన గొట్టానికీ చీల్చిన గొట్టానికీ తేడా ఎంతుంటుందో లెక్క వేసి చూద్దాం. అడ్డంగా 100 మిల్లీమీటర్లు, రేకు మందం 1 మిల్లీమీటరు ఉన్న ఇనుప గొట్టం ఒకటి ఉందనుకోండి. దాని పొడవునా బ్లేడు మందంలో ఒక్క గీత కోయండి. ఇనుము ఏమీ పోలేదు, బరువు తగ్గలేదు. కానీ మెలికను తట్టుకునే శక్తి ఎంతకు పడిపోతుందంటే, మూసిన గొట్టానికి దానికి 7,500 రెట్ల తేడా. వ్యాసార్థాన్ని మందంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 3తో గుణిస్తే వచ్చే అంకె ఇది: 50 వర్గం 2,500, దానికి మూడింతలు 7,500.

కారు రూఫ్ కోస్తే బలం 7,500 వంతుకు పడిపోదు. ఎందుకంటే కారులో మిగిలిన చోట్ల కూడా మూసిన గొట్టాలు ఉన్నాయి: డోర్ల కింద ఉండే సిల్లులు, మధ్యలో గేర్ కింద సాగే టన్నెల్, సీట్ల కింద అడ్డ కమ్మీలు. రూఫ్ పోయాక భారమంతా వీటి మీద పడుతుంది. కాబట్టి వీటిని ఎంత బలపరచగలమన్నదే అసలు ఇంజనీరింగ్.

ఆటోనగర్‌లో సహజంగా వచ్చే ఆలోచన "మందం ప్లేటు వేద్దాం" అని. సిల్లు రేకు మందం రెట్టింపు చేస్తే మెలికను తట్టుకునే శక్తి కూడా రెట్టింపవుతుంది, బరువు కూడా రెట్టింపే. అదే రేకు మందం ఉంచి, సిల్లు ఎత్తు, వెడల్పు రెండూ రెట్టింపు చేస్తే శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. బరువు మాత్రం అంతకు ముందులాగే రెట్టింపు. ఒకే ఇనుము, ఒక దారిలో రెండింతలు, ఇంకో దారిలో ఎనిమిదింతలు. కంపెనీలు ఓపెన్ కార్లకు లావుపాటి సిల్లులు పెట్టేది ఇందుకే. చీర కట్టుకున్న ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ కొన్ని స్పోర్ట్స్ కార్లలోకి ఎక్కడం దిగడం కష్టంగా ఉండటానికి సీటు ఎత్తు తక్కువగా ఉండటం ఒక కారణమైతే, ఈ సిల్లు ఇంకో కారణం.

స్పీడు బండికి ఇది మరీ ఎందుకు ముఖ్యం

మామూలు కారుకు కాస్త మెత్తదనం ఉన్నా సర్దుకుపోవచ్చు. స్పోర్ట్స్ కారుకు ఆ వీలు లేదు. దాని స్ప్రింగులు గట్టివి, టైర్లు రోడ్డును గట్టిగా పడతాయి, మలుపులో వచ్చే బలం పెద్దది. ఆ బలాన్ని స్ప్రింగులు మోయాలంటే వాటిని బిగించిన బాడీ కదలకుండా ఉండాలి. బాడీయే కదిలితే అదీ ఒక స్ప్రింగే. అది ఎవరూ డిజైన్ చేయని స్ప్రింగు, దాని ఊపును ఆపే షాక్ అబ్జార్బర్ కూడా ఉండదు.

సులువుగా అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను. మలుపులో ముందు భాగం మీద 2,000 న్యూటన్ మీటర్ల మెలిక పడిందనుకుందాం. సస్పెన్షన్ ఆ బలానికి సరిగ్గా ఒక డిగ్రీ కదిలేలా సెట్ చేసి ఉంది. బాడీ గట్టిదనం డిగ్రీకి 20,000 అయితే బాడీ కదిలేది డిగ్రీలో పదో వంతు. కారు ఒకటిన్నర మీటరు వెడల్పు ఉంటే ఒక అంచుకూ ఇంకో అంచుకూ వచ్చే తేడా సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. రూఫ్ కోశాక గట్టిదనం 5,000కు పడిందనుకోండి. అదే మలుపు, అదే బలం. ఇప్పుడు బాడీ 0.4 డిగ్రీ మెలితిరుగుతుంది, తేడా పది మిల్లీమీటర్లు దాటుతుంది.

సెంటీమీటరు అంటే వినడానికి చిన్నదే. కానీ చక్రం ఏ కోణంలో నిలబడాలో ఇంజనీర్లు డిగ్రీలో చిన్న భాగాల లెక్కన సెట్ చేస్తారు. ఆ సెట్టింగ్ మలుపు మలుపుకూ మారిపోతుంటుంది. స్టీరింగ్ తిప్పడానికీ కారు స్పందించడానికీ మధ్య ఒక జాప్యం వస్తుంది. నేరుగా వెళ్తున్నప్పుడు కూడా గతుకు తగిలితే డాష్‌బోర్డు, స్టీరింగ్, ముందు అద్దం ఒకదానితో ఒకటి పొసగకుండా వణుకుతాయి. దీన్ని స్కటిల్ షేక్ అంటారు, ఓపెన్ కార్ల సమీక్షల్లో తరచూ కనిపించే మాట. ముందు అద్దం ఈ రోజుల్లో రబ్బరు బీడింగ్‌లో కూర్చోదు, గట్టి జిగురుతో బాడీకి అతికి ఉంటుంది. ఫ్రేము మెలితిరిగితే అద్దం పగిలే అవకాశం ఉంది.

ఈ మెలిక కంటికి కనిపిస్తుందా అని సందేహం ఉన్నవాళ్ల కోసం ఒక సంగతి చెప్తాను. గుంటూరు వైపు ఒక షెడ్డులో పెళ్లి ఊరేగింపుల కోసం టాప్ తీసేసిన పాత చిన్న కారును జాకీ మీద ఎత్తుతుంటే పక్కనే నిలబడి చూశాను. వెనక చక్రం ఇంకా నేల వదల్లేదు. అప్పటికే డ్రైవర్ డోరు వెనక అంచున ఉన్న సందు ఆకారం మారింది: పైన సన్నబడింది, కింద వేలు దూరేంత వెడల్పైంది. టింకరింగ్ పని చేసే అబ్బాయి హ్యాండిల్ లాగితే డోరు రాలేదు. జాకీ దించాడు, టక్కున తెరుచుకుంది. సిల్లు మీద కొత్తగా వేసిన పెయింటులో వెల్డింగ్ అంచు వెంబడి వెంట్రుకంత సన్నటి గీత కూడా కనిపించింది. ఆ కారు బ్యాండు మేళం వెనక నడక వేగంతో పోతుంది కాబట్టి దాని పని అది చేసుకుంటోంది. అదే కోత నాలుగు వందల హార్స్ పవర్ ఉన్న కారుకు పడి, అది హైవే ఎక్కితే ఆ సందు గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.

కంపెనీలు ఇదే పని ఎలా చేస్తాయి

కంపెనీలు కూపే తయారు చేసి తర్వాత కోయవు. ఓపెన్ మోడల్ కూడా వస్తుందని ముందే అనుకుని కొలతలు వేసుకుంటాయి. సిల్లులు పెద్దవి చేస్తాయి, ఫ్లోరు కింద ఇంటూ ఆకారంలో కమ్మీలు బిగిస్తాయి, ముందు అద్దం పక్కన ఉండే ఏ-పిల్లర్లలో బలమైన ఉక్కు గొట్టాలు దూరుస్తాయి, సీట్ల వెనక అడ్డగోడ కడతాయి. మాజ్దా 1989లో తెచ్చిన ఎమ్‌ఎక్స్-5కి ఈ బెడదే లేదు, అది పుట్టుకతోనే ఓపెన్ కారు.

రూఫ్ తీసేస్తే బరువు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. 2014లో వచ్చిన బీఎమ్‌డబ్ల్యూ ఎమ్4లో కూపే కంటే, మడత పడే లోహపు టాప్ ఉన్న కన్వర్టిబుల్ దాదాపు రెండున్నర వందల కిలోలు ఎక్కువ తూగింది. నలుగురు మనుషుల బరువును ఎప్పుడూ మోసుకు తిరుగుతున్నట్టే. బలపరిచిన ఇనుము, టాప్‌ను మడిచే మోటార్లు, హైడ్రాలిక్ గొట్టాలు, అదనపు లోహం అన్నీ కలిసి ఆ లెక్క.

దీనికి ఎదురుగా మెక్‌లారెన్‌ను చూడండి. 2012లో వచ్చిన 12సీ స్పైడర్ కూపే కంటే 40 కిలోలే ఎక్కువ. ఎలాగంటే, ఆ కారు బలమంతా మోనోసెల్ అనే కార్బన్ ఫైబర్ తొట్టిలో ఉంది. 75 కిలోల ఆ తొట్టి ప్రయాణికుల నడుం దాకా వచ్చి ఆగిపోతుంది, రూఫ్ మీద ఆధారపడదు. అందుకే స్పైడర్ కోసం బాడీని కొత్తగా బలపరచాల్సిన పని పడలేదు. ఒక రకంగా ఇది మేస్త్రీ చెప్పే చాసిస్ బండి సూత్రమే, ఖరీదైన పదార్థంతో. తర్వాతి 720ఎస్ కూపేలో రూఫ్‌ను కూడా కార్బన్ నిర్మాణంలో కలిపేశారు. కాబట్టి దాని స్పైడర్‌కు నిర్మాణాన్ని మార్చాల్సి వచ్చింది, అయినా తేడా 49 కిలోల దగ్గర ఆగింది. ఫెరారీ 458 స్పైడర్‌లో అల్యూమినియం టాప్ 14 సెకన్లలో మడత పడుతుంది.

డబ్బుకు వెనకాడని కంపెనీలు కూడా కొన్ని చోట్ల రాజీ పడక తప్పలేదు. లాంబోర్గిని 2004లో తెచ్చిన ముర్సిలాగో రోడ్‌స్టర్‌కు చేత్తో బిగించుకునే గుడ్డ టాప్ ఇచ్చింది. అది వేసుకుని గంటకు 160 కిలోమీటర్లు దాటొద్దని చెప్పింది. బుగాటీ వేరోన్ గ్రాండ్ స్పోర్ట్ గట్టి టాప్‌తో 407 కిలోమీటర్ల వేగం అందుకుంటే, టాప్ తీశాక 360 దగ్గర ఆపేశారు. దారిలో వాన వస్తే వేసుకోవడానికి గొడుగులా విప్పే గుడ్డ టాప్ ఒకటి ఇచ్చారు, దాంతో 130 మాత్రమే.

బయట కోసిన కార్లకు కూడా గౌరవమైన చరిత్ర ఉంది

ఇంతవరకు చదివితే కంపెనీ తప్ప ఎవరూ ఈ పని చేయలేరనిపిస్తుంది. అది నిజం కాదు. జాగ్వార్ తన ఎక్స్‌జేఎస్‌కు సొంత కన్వర్టిబుల్‌ను 1988లో తెచ్చింది. అంతకు ముందు రెండేళ్ల పాటు అమెరికాలో హెస్ అండ్ ఐసన్‌హార్ట్ అనే కోచ్‌బిల్డర్ (కార్లకు బయట బాడీలు కట్టే) సంస్థ అవే కూపేలను కోసి కన్వర్టిబుల్స్ చేసింది. జర్మనీలో కార్మన్ సంస్థ 1949 నుంచి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఓపెన్ కార్లు కట్టింది.

అందరికీ తెలిసిన కథ ఫెరారీ డేటోనాది. కంపెనీ తయారు చేసిన అసలు డేటోనా స్పైడర్లు 122. కూపేలు వెయ్యికి పైనే. ఓపెన్ కారు మీద మోజు పెరిగేసరికి కూపేలను కోయించడం మొదలైంది. కాలిఫోర్నియాలో రిచర్డ్ స్ట్రామన్ ఆ పనిలో పేరు తెచ్చుకున్నాడు. చూడటానికి అసలుకూ కోతకూ తేడా పట్టడం కష్టమనేంత శుభ్రంగా చేసేవాడు. అయినా వేలంలో అసలు స్పైడర్‌కు పలికే ధర కోసిన కారుకు రాదు. కోసిన కార్లలో కొన్నింటికి మళ్లీ రూఫ్ అతికించి కూపేలుగా మార్చిన యజమానులూ ఉన్నారు.

ఆ మేస్త్రీలకు కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు? ఇక్కడ కాలం చేసిన తేడాను తక్కువ అంచనా వేయకూడదు. డేటోనాకు ఉక్కు గొట్టాల ఫ్రేము ఉంది, మామూలు వెల్డింగ్‌కు లొంగే ఇనుము అది. ఇప్పటి కార్లలో పిల్లర్ల లోపల, రూఫ్ అంచుల్లో వేడిగా అచ్చు వేసి చల్లార్చిన బోరాన్ ఉక్కు ఉంటుంది. దాని బలం ఆ చల్లార్చిన తీరులోనే ఉంది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది, పైకి మాత్రం అతుకు చక్కగా కనిపిస్తుంది. అల్యూమినియం బాడీల్లో అతుకులు జిగురుతో, రివెట్లతో ఉంటాయి. కార్బన్ ఫైబర్‌ను వెల్డింగ్ చేయడమంటూ ఉండదు.

పైగా ఇప్పటి రూఫ్‌లో బలం ఒక్కటే లేదు. డోర్ల పైన రూఫ్ అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మడిచి ఉంటాయి. సీటు బెల్టు పై కొక్కెం ముందు డోరు వెనక ఉండే బీ-పిల్లర్‌కు బిగించి ఉంటుంది. పిల్లర్ కోస్తే బెల్టుకు కొత్త ఆధారం చూపించాలి, అది ప్రమాదంలో మనిషి బరువుకు ఎన్నో రెట్ల లాగుడును తట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలన్నది బాడీ ఎలా నలుగుతుందో చూసి కంపెనీ పరీక్షలతో సెట్ చేసింది. నలిగే తీరు మారితే ఆ సెట్టింగ్‌కు ఆధారం పోయినట్టే.

మంచి కోచ్‌బిల్డర్ పని కోతకు ముందే తెలిసిపోతుంది. రూఫ్ ఉండగానే డోర్ల ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా కమ్మీలు వెల్డ్ చేసి బాడీని కొలతలో బంధిస్తాడు. కింద కొత్త సిల్లులు, అడ్డ కమ్మీలు పూర్తయ్యాక గానీ పైన బ్లేడు పెట్టడు. ముందే కోసేస్తే బాడీ నడుం దగ్గర కుంగిపోతుంది, ఆ కుంగిన కొలతలోనే కొత్త ఇనుము అతుక్కుంటుంది. ఆ తర్వాత ఎన్ని షిమ్‌లు (సందులు సర్దే పల్చటి రేకులు) వేసినా డోర్లు సరిగ్గా కూర్చోవు.

బోల్తా కొడితే

మెలిక లెక్క డ్రైవింగ్ సుఖానికి సంబంధించినదనుకున్నా, ఇది ప్రాణాలకు సంబంధించింది. 1970ల్లో అమెరికాలో బోల్తా ప్రమాదాలపై కఠినమైన రూల్స్ వస్తాయన్న భయంతో అక్కడి కంపెనీలు కన్వర్టిబుల్స్ ఒక్కొక్కటే ఆపేశాయి. 1976 కాడిలాక్ ఎల్డొరాడోను ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్ అని ప్రచారం చేసి అమ్మారు. భయపడినట్టు నిషేధం రాలేదు, రూఫ్ నలుగుడు పరీక్ష నుంచి ఓపెన్ కార్లను మినహాయించారు. కొన్నేళ్లకు కన్వర్టిబుల్స్ తిరిగొచ్చాయి.

మినహాయింపు ఉంది కదా అని కంపెనీలు ఊరుకోలేదు. మెర్సిడెస్ 1989 ఎస్‌ఎల్‌లో, కారు బోల్తా పడబోతోందని సెన్సార్లు గుర్తించగానే సీట్ల వెనక నుంచి 0.3 సెకన్లలో పైకి లేచే రోల్ బార్ పెట్టింది. ఇప్పటి ఓపెన్ కార్లలో చాలావాటికి ఇలాంటిది గానీ, స్థిరంగా ఉండే వంపు కమ్మీలు గానీ ఉంటాయి. తల మీద బరువు పడినప్పుడు ఆ కమ్మీ, ముందు అద్దం ఫ్రేము రెండూ కలిసి మనిషికి చోటు మిగల్చాలి. ఒక్కటి కుంగినా రెండోది ఎంత గట్టిదైనా లాభం లేదు.

ఇక ఏజెంటు చెప్పిన మాట

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఈ వ్యవహారమంతటికీ మూలం. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. మార్పు అంటే బండి నిర్మాణంలో చేసే ఎలాంటి మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారుతుందో అది. మూసిన కారును ఓపెన్ కారు చేయడం ఈ నిర్వచనంలోకి రాదని వాదించడం చాలా కష్టం. సీఎన్‌జీ లాంటి ఇంధనానికి మార్చుకోవడం, దివ్యాంగుల కోసం బండిని అనువుగా మార్చడం వంటివాటికి చట్టమే దారి చూపింది. రూఫ్‌కు అలాంటి దారి లేదు.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో దీన్ని మరింత గట్టిగా చెప్పింది. తయారీదారు ఇచ్చిన అసలు నిర్దేశాలకు భిన్నంగా బాడీ మార్చిన బండిని రిజిస్టర్ చేయడానికి వీల్లేదని, రాష్ట్రాల రూల్స్ ఆ సెక్షన్‌కు లోబడే ఉండాలని తీర్పు. రంగు మార్చుకోవడం, చిన్న చిన్న ఫిట్టింగులు దీని కిందకు రావు. అదే ఏడాది చట్ట సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

"మరి ఆటోనగర్‌లో రోజూ బాడీలు కడుతున్నారు కదా, అవెలా రిజిస్టర్ అవుతున్నాయి?" అన్నది న్యాయమైన ప్రశ్నే. లారీ కంపెనీ నుంచే బాడీ లేకుండా అమ్ముడవుతుంది. దాని మీద ఏం కట్టొచ్చో చెప్పే ఏఐఎస్-093 అనే ట్రక్ బాడీ కోడ్ ఉంది. బాడీ పూర్తయ్యాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసిన వివరాలు ఆర్సీకి ఎక్కుతాయి. అక్కడ బాడీ కట్టడం బండి తయారీలో మిగిలిన భాగం. కారు మాత్రం పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల దగ్గర మొత్తం కారుగా పరీక్షలు పాసై వచ్చింది. రూఫ్ కోసిన క్షణం నుంచి ఆ సర్టిఫికెట్‌లో ఉన్న కారు, రోడ్డు మీద ఉన్న కారు వేర్వేరు.

రెండు వైపులా ఉన్న మాట

కార్ల ప్రేమికుల వాదనలో బలం ఉంది. జర్మనీలో మార్చిన బండిని ఒక్కదాన్నే విడిగా పరీక్షించి అనుమతించే పద్ధతి ఉంది, టీయూవీ వంటి సంస్థల నిపుణులు చూస్తారు. బ్రిటన్‌లోనూ ఒక్కో బండికి విడిగా ఆమోదం ఇచ్చే పరీక్ష ఉంది. బాగా మార్చిన బండి తన పాత నంబరు నిలబెట్టుకోవాలంటే అక్కడ చాలాకాలం పాయింట్లు లెక్కేసేవారు. అలాంటి తలుపు మన దగ్గర కూడా ఉంటే చేతి పని ఉన్న మేస్త్రీలు దొంగచాటుగా కాకుండా లెక్కలతో, పరీక్షలతో పని చేస్తారన్నది వీళ్ల మాట. ఆటోనగర్ నైపుణ్యం చూసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు.

అవతలి వైపు మాట కూడా అంతే బరువైనది. బ్రిటన్‌లో కూడా ఆ లెక్క ప్రకారం మోనోకాక్ బాడీని కోస్తే, మార్చని బాడీకి వచ్చే ఐదు పాయింట్లు పోయేవి. నంబరు నిలబెట్టుకోవడానికి ఎనిమిది కావాల్సి వచ్చేది. అంటే తలుపు ఉన్న చోట కూడా ఈ పనిని మామూలు మార్పుగా చూడలేదు. ఒక్క కారు బలాన్ని నిజంగా తేల్చాలంటే దాన్ని గుద్ది చూడాలి. ఒక్కటే ఉన్న కారును గుద్ది చూడలేం. కంప్యూటర్ లెక్క వేయాలంటే కంపెనీ దగ్గరున్న ఉక్కు వివరాలు కావాలి, అవి బయటికి రావు. జిల్లా స్థాయిలో ఒక ఇన్‌స్పెక్టర్ టార్చిలైటుతో చూసి సంతకం పెట్టే వ్యవహారం కాదిది.

నా వరకు, విడిగా పరీక్షించే పద్ధతి రావాలనే కోరుకుంటాను. అది చాసిస్ బండ్లతో, పాత కార్లతో మొదలు కావాలి. కొత్త తరం మోనోకాక్ స్పోర్ట్స్ కార్లను మాత్రం ఆ జాబితాలో ఇప్పుడే చేర్చడం నాకు సమ్మతం కాదు. వాటి బలం కంటికి కనిపించే చోట లేదు.

అలాంటి పద్ధతి లేనంత కాలం కోసిన కారు భారం యజమానికి ఊహించని చోట్ల తగులుతుంది. పాలసీ తీసుకున్నప్పుడు మూసిన కారు, క్లెయిమ్ అడిగేనాటికి ఓపెన్ కారు. నిర్మాణం మారిన సంగతి చెప్పలేదన్న కారణంతో సొంత డ్యామేజీ క్లెయిమ్‌ను బీమా కంపెనీ తిరస్కరించొచ్చు. ఎప్పుడో అమ్ముదామనుకుంటే ట్రాన్స్‌ఫర్ కాగితాల మీద సంతకం పెట్టే కొత్త యజమాని ఆర్సీలో బాడీ టైప్ అన్న గడి చూస్తాడు. బండికి లేని రూఫ్ అక్కడ ఉంటుంది.